వాజలైనుపై మోపిన నింద

నల్లమల కొండలకు తూర్పున నున్న మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో వానలు తక్కువ, ఎండలు మెండు. అచ్చటి వేసవి తాపమును గూర్చి అందరును చెప్పుకొందురు గాని, చర్మమునకు చలికాలమును కష్టకాలమే. మార్గశిర పుష్యమాసములలో వేకువజామున వీచు గాలి చల్లగను, పొడిగను ఉండును. పెదవులు పగులును. మడమలు బీటలువారును. బడికి పోవు పిల్లల మోచేతులమీద గోటితో గీచినచో, పలకమీద బలపముతో గీచినట్లు తెల్లని చార యేర్పడును. పలకలకు పేరుపడిన మార్కాపురమున ఈ పోలిక వెదకకయే తోచును. గనులలో రాతిని తీయువారి చేతులును, దానిని పలకలుగా కోసి నునుపుచేయువారి చేతులును ఆ దినములలో మరింత గరుకెక్కును.

అట్టివేళ ప్రతి యింటను గూటిలోనుండి ఏదో యొక జిడ్డు పదార్థము వెలికి వచ్చును. పూర్వమది ఆముదమో, నువ్వులనూనెయో, వెన్నపూసయో అయి యుండెడిది. నేడు తరచుగా అంగడిలో కొన్న చిన్న డబ్బా వచ్చుచున్నది. అందలి లేతరంగు జిగురు లేపనమును జనులు వాజలైను అందురు. అది నిజమునకు ఒక వ్యాపారి తన సరుకునకు పెట్టుకొన్న పేరు. ఆ పదార్థము పేరు పెట్రోలియం జెల్లీ. విడిగా డబ్బాలో దొరకుటయే గాక, ముఖమునకు రాసికొను క్రీములలోను, పెదవులకు పూయు లేపనములలోను, వైద్యులిచ్చు పూతమందులలోను అది ముఖ్యద్రవ్యముగా కలియుచున్నది.

పిల్లలకు పదమూడు పదునాలుగేండ్లు వచ్చువరకు ఈ డబ్బాను గూర్చి తగవు లేదు. ముఖమున మొదటి మొటిమ కనబడగనే తగవు పుట్టును. పెదవులకును, మడమలకును రాసికొమ్మని డబ్బా చేతికిచ్చిన తల్లియే, బిడ్డ దానిని బుగ్గలకు రాసికొనబోవగా చేయి పట్టుకొని, "ముఖానికి వద్దమ్మా, జిడ్డుకు రంధ్రాలు మూసుకుపోయి ఇంకా మొటిమలు లేస్తాయి" అని వారించును. బుగ్గలు పగిలి మండుచున్నను బిడ్డ ఊరకుండును. లేదా సబ్బుతో మరల మరల కడిగికొని ఆ మంటను ఇంకను పెంచుకొనును. ఈ భయము మన యిండ్లలో మాత్రమే యున్నది కాదు. ప్రపంచమందలి పలు దేశములలో క్రీము డబ్బాలపై "రంధ్రములను మూయదు" అని అచ్చువేసి అమ్ముచున్నారు. ఈ భయమునకు ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రలో ఒక వింత యున్నది: పెట్రోలియం జెల్లీపై ఆ నిందను శాస్త్రపత్రికలో మోపిన పండితుడును, ఇరువదినాలుగేండ్ల తరువాత దానిని తొలగించిన పండితుడును ఒక్కరే.

ఆ కథకు ముందు మొటిమ యెట్లు పుట్టునో తెలియవలెను. చర్మమున రెండు విధములైన రంధ్రములు కలవు. చెమట వెలువడునవి స్వేదరంధ్రములు. వెండ్రుక మొలచునవి రోమకూపములు. ఈ రెంటిని ఒకటిగా తలచుటచేతనే సగము పొరపాట్లు కలుగుచున్నవి. మొటిమ పుట్టునది రోమకూపమున మాత్రమే. ప్రతి రోమకూపము ప్రక్కను చిన్న తైలగ్రంథి యుండును. అందుండి ఊరు జిడ్డును సీబమ్ అందురు. అది కూపముగుండ పైకి వచ్చి చర్మమును మెత్తగా నుంచును. ముఖమునను, వీపునను, రొమ్మునను ఈ గ్రంథులు పెద్దవి. అందుచేతనే మొటిమలును ఆ తావులందే యెక్కువ.

కంభము చెరువును ఎరిగినవారికి తరువాతి సంగతి సులభముగా బోధపడును. గుండ్లకమ్మ యేటికి అడ్డముగా, కొండల నడుమ కట్టిన ఆ చెరువు విజయనగర రాజుల కాలము నాటిది. ఏ చెరువు తూమునుండియైనను నీరు సరిగా పారకున్నచో రైతు రెండు సంగతులు చూచును. తూము నోటికి బయట ఏదైన అడ్డుపడినదా? లేక లోపలనే ఒండ్రు పేరుకొని గట్టిపడినదా? మొదటిదైనచో అడ్డును లాగివేసిన చాలును. రెండవదైనచో బయట ఎంత శుభ్రము చేసినను ప్రయోజనము లేదు. రోమకూపము విషయమున జరుగునది ఈ రెండవదియే.

కూపపు లోపలి గోడలకు అస్తరువలె చర్మకణములు పరచుకొని యుండును. అవి ఎప్పటికప్పుడు మృతిచెంది, విడివిడిగా రాలి, జిడ్డుతోపాటు పైకి కొట్టుకొనివచ్చును. యౌవనారంభమున ఆండ్రోజన్లను హార్మోనులు పెరిగి తైలగ్రంథులు ఎక్కువ జిడ్డును ఊర్చును. అదే కాలమున కొందరి రోమకూపములలో మృతకణములు విడివిడిగా రాలక, ఒకదానికొకటి అంటుకొని బిరడావలె యేర్పడును. మొదట ఈ బిరడా కంటికి కనబడదు. అది పెరిగి కూపపు నోరు మూసియున్నచో తెల్లని పొక్కుగను, నోరు తెరచియున్నచో నల్లని మొనగను కనబడును. ఆ నలుపును చూచి మట్టియని భ్రమించి ముఖమును తోముకొనువారు పెక్కురు. అది మట్టి కాదు. చర్మమునకు రంగునిచ్చు మెలనిన్ అను పదార్థమును, గాలి సోకి మారిన జిడ్డును ఆ నలుపునకు కారణములు. బిరడా వెనుక నిలిచిన జిడ్డులో క్యూటిబాక్టీరియం ఏక్నెస్ అను సూక్ష్మజీవులు వృద్ధిచెందగా వాపు, ఎరుపు, చీము కలుగును. అప్పుడు దానిని అందరును మొటిమ యని గుర్తింతురు. పండ్రెండు మొదలు ఇరువదినాలుగేండ్ల వయసులో నూటికి 85 మందికి ఎంతోకొంత ఈ బాధ తప్పదని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి.

కావున "లేపనము రంధ్రమును మూయునా?" యను ప్రశ్నకు సరియైన రూపము వేరు. లేపనము మూతవలె పైన కూర్చుండునా యని కాదు. అది కూపములోనికి దిగి, అచ్చటి కణములు అంటుకొని బిరడాగా మారునట్లు చేయునా యని అడుగవలెను. కొన్ని పదార్థములు నిజముగనే అట్లు చేయును. అందుచేతనే ఈ అనుమానము నిరాధారము కాదు.

పెట్రోలియం జెల్లీ పుట్టుక భూమిలోపలి నూనెబావులలో నున్నది. 1859వ సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున టైటస్‌విల్ వద్ద ముడినూనె పడినది. అప్పటికి ఇరువదిరెండేండ్లవాడైన రాబర్ట్ చీస్‌బ్రో అను రసాయనజ్ఞుడు ఆ బావులను చూడబోయెను. నూనెను పైకి లాగు కడ్డీలకు నల్లని మైనమువంటి మడ్డి పట్టుచుండెను. పనివారు దానిని విసుగుకొనుచునే గీకి పారవేయుచుండిరి. కాని చేయి తెగినను, కాలినను ఆ మడ్డినే గాయముపై పూయుచుండిరి. చీస్‌బ్రో దానిని తీసికొనిపోయి, పలుమార్లు వడకట్టి, రంగును వాసనను తొలగించి, స్వచ్ఛమైన జెల్లీని తయారుచేసెను. 1872లో దానికి పేటెంటు హక్కు పొందెను.

ముడినూనెకును ఆ స్వచ్ఛమైన జెల్లీకిని గల భేదమే ఈ కథకు కీలకము. ముడినూనెతోను, యంత్రములకు వాడు ముతక నూనెలతోను నిత్యము పనిచేయువారికి ముంజేతులపైను, తొడలపైను నల్లమొనల పొక్కులు లేచుట ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లకే వైద్యులకు తెలియును. నూనెతో తడిసిన బట్ట ఒరసికొను చోటులందే అవి యెక్కువగా కనబడెడివి. కొన్ని క్లోరిన్ రసాయనములు తగిలిన కార్మికులకు ఇంకను భయంకరములైన పొక్కులు లేచెడివి. ఏ రసాయనము ఈ వ్యాధిని పుట్టించునో కనిపెట్టుటకు 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు కుందేటి చెవిని సాధనముగా గ్రహించిరి. కుందేటి చెవి లోపలి తట్టు చర్మమున రోమకూపములు స్పష్టముగా నుండును. అచ్చట అనుమానిత పదార్థమును కొన్ని వారములు పూసి, పిమ్మట కూపములలో బిరడాలు ఏర్పడినవేమో చూతురు. కర్మాగారములందలి విషపదార్థములను గుర్తించుటకు ఈ పరీక్ష చక్కగా నుపయోగపడినది.

విషములను పట్టుటకు పుట్టిన ఆ పరీక్షను తరువాత ముఖపు క్రీములకు వర్తింపజేసిరి. ఫిలడెల్ఫియా నగరమున పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమందు చర్మవైద్యాచార్యుడైన ఆల్బర్ట్ క్లిగ్మన్, ఆయన సహచరుడు మిల్స్ కలసి 1972లో ఒక వ్యాసమును ప్రకటించిరి. యౌవనము దాటిన స్త్రీల చెక్కిళ్లపై విడువక కనబడు చిన్న మొటిమలకు వారు వాడు సౌందర్యద్రవ్యములే కారణమని వారి వాదము. క్రీములను కుందేళ్ల చెవులలో పరీక్షింపగా వానిలో సుమారు సగము బిరడాలు పుట్టించినవని వ్రాసిరి. దోషులని పేర్కొన్న ద్రవ్యముల పట్టికలో లానొలిన్, కొన్ని వృక్షతైలములు, బ్యూటైల్ స్టియరేట్, ఓలియిక్ ఆమ్లము ఉన్నవి. వానితోపాటు పెట్రోలియం జెల్లీయు నుండెను.

ఆ పట్టికలోని లానొలిన్ గొఱ్ఱె ఉన్నికి పట్టు జిడ్డునుండి తీయబడును. ప్రకాశము, నెల్లూరు జిల్లాలలో పెంచు ప్రసిద్ధమైన నెల్లూరు జాతి గొఱ్ఱెలకు ఒంటినిండ ఉన్ని యుండదు, పొట్టి వెండ్రుకలే యుండును. కాబట్టి ఊరిచుట్టును మందలు మేయుచున్నను, క్రీములలోని లానొలిన్ మాత్రము శీతలదేశపు గొఱ్ఱెలనుండి రావలసినదే.

ఒకసారి అచ్చులో పడిన నింద త్వరగా వ్యాపించును. 1984లో జేమ్స్ ఫుల్టన్ అను మరియొక వైద్యుడును ఆయన సహచరులును అనేక ద్రవ్యములను కుందేటి చెవిలో పరీక్షించి, ఒక్కొక్కదానికి సున్న మొదలు అయిదువరకు అంకెలు వేసిరి. క్రీములను జారుగా నుంచుటకు కలుపు ఐసోప్రొపైల్ మిరిస్టేట్ వంటివి ఆ పట్టికలో పైమెట్టున నిలిచినవి. అంకెలకు ఒక మహిమ యున్నది. పరీక్ష యెట్లు జరిగినది, ఎంత గాఢతలో పూసిరి, కుందేటి చెవికిని మనుష్యుని చెక్కిలికిని ఎంత దూరమున్నది యను వివరములన్నియు మరుగున పడి, అంకె మాత్రము జనుల నోట నిలుచును. కొబ్బరినూనెకు నాలుగు, మరియొకదానికి రెండు అని నేటికిని అనేకులు వల్లించుచునే యున్నారు.

ఆ పరీక్షలోని లోపములు క్రమముగా బయటపడినవి. కుందేటి చర్మము మనుష్యచర్మముకంటె చాల సున్నితమైనది. ఏమియు పూయకున్నను కొన్ని కుందేళ్ల చెవులలో రోమకూపములు సహజముగనే పెద్దవై యుండును. తొలి పరిశోధకులు కొన్ని సందర్భములలో వానినే బిరడాలుగా లెక్కించిరి. 1979లో క్లిగ్మన్ తానే ఆ పరీక్షను సవరించెను. 1982లో ఆయనయు మిల్సును మనుష్యుల వీపులపై పరీక్షించు పద్ధతిని ప్రకటించిరి. వీపున పెద్ద రోమకూపములు గలవారిని ఎన్నుకొని, పదార్థమును పూసి, గాలి చొరకుండ పట్టీతో నాలుగు వారములు కప్పి, తరువాత చర్మపు పైపొరను జిగురుతో ఊడదీసి సూక్ష్మదర్శినితో చూచుట ఆ పద్ధతి. కుందేటి చెవిలో కొద్దిపాటి బిరడాలు పుట్టించిన పదార్థములు మనుష్యుల యందు ఏమియు చేయకపోవుట అప్పుడు తేలినది.

తుదకు 1996లో క్లిగ్మన్ సౌందర్యద్రవ్య రసాయనజ్ఞుల పత్రికలో ఒక వ్యాసము వ్రాసెను. పెట్రోలియం జెల్లీ కుందేళ్లయందు గాని, మనుష్యులయందు గాని రోమకూపములలో బిరడాలు పుట్టింపదని దాని శీర్షికయే చాటినది. 1972 నాటి తన పట్టికలోని ఒక పేరును ఆయన స్వహస్తముతో కొట్టివేసినట్లయినది. తన మాటను తానే కాదనుకొనుట పండితులకు అంత సులభమైన పని కాదు. కాని నింద నడచినంత వేగముగా నిరాకరణ నడవదు. మొదటి వ్యాసపు ఫలితము ఇంటింటికిని చేరినది; రెండవది ఇంకను చాలమందికి చేరలేదు.

క్లిగ్మన్ పేరు చెప్పినప్పుడు మరియొక సంగతిని దాచుట న్యాయము కాదు. 1951 మొదలు 1974 వరకు ఆయన ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ కారాగారమున ఖైదీల చర్మముపై అనేక ప్రయోగములు చేయించెను. ఖైదీలకు కొద్దిపాటి ధనమిచ్చిరి గాని, వారిపై నేమి పూయుచున్నారో, దానివలన నెట్టి హాని కలుగునో చాలమందికి తెలియజెప్పలేదు. క్లోరిన్ విషములలో మిక్కిలి తీవ్రమైన డయాక్సిన్‌ను గూడ వారిపై పూసిరి. ఆ ఖైదీలలో అధికసంఖ్యాకులు నల్లజాతివారు. 2021లో ఆ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలయు, 2022లో ఫిలడెల్ఫియా నగర ప్రభుత్వమును ఇందుకు క్షమాపణ చెప్పినవి. చర్మమును గూర్చి నేడు మనకు తెలిసిన దానిలో కొంత భాగమునకు ఇట్లు అన్యాయముగా వెల చెల్లింపబడినది. కుందేళ్ల విషయమునను కాలము మారినది. సౌందర్యద్రవ్యములను జంతువులపై పరీక్షించుటను భారత ప్రభుత్వము 2014లో నిషేధించెను.

జెల్లీ రోమకూపమును చెరుపదు సరే. మరి చర్మముపై అది యేమి చేయును? 1992లో వెలువడిన ఒక పరిశోధన దీనికి సమాధానమిచ్చినది. జెల్లీ చర్మముపై రేకువలె పరచుకొని ఊరకుండునని అంతవరకు తలచెడివారు. నిజమునకు అది పైపొరలోని మృతకణముల నడుమ సందులలోనికి ఇంకును. పగిలిన గోడలో ఇటుకల మధ్య సున్నము నింపినట్లు అది ఆ సందులను నింపి, లోపలి తేమ ఆవిరియై పోకుండ ఆపును. ఆ అండలో చర్మము తన పాడైన పొరను తాను మరల నిర్మించుకొనును. జెల్లీ స్వయముగా తేమను ఇయ్యదు. ఉన్న తేమను నిలుపును. అందుచేత పొడి చర్మముపై కంటె, స్నానము చేసి తుడిచికొన్న వెంటనే, ఒంటిపై చెమ్మ యున్నప్పుడు పలుచగా రాసికొనిన ఎక్కువ గుణమిచ్చును. మడమల పగుళ్లకు రాత్రి రాసి, నూలు మేజోళ్లు తొడిగికొనుట మంచిది.

ఇదే కుటుంబమునకు చెందిన మరియొక ద్రవ్యము మినరల్ ఆయిల్ అను తెల్లని ఖనిజతైలము. క్రీములలోను, పసిపిల్లల ఒంటికి రాయు నూనెలలోను అది విరివిగా కలియును. దానిపైనను ఇదే అపవాదు కలదు. 2005లో ప్రచురితమైన ఒక సమీక్షలో, సౌందర్యద్రవ్యములలో వాడు శుద్ధిచేసిన ఖనిజతైలము మనుష్యుల రోమకూపములను మూయదని నిర్ణయింపబడినది. మరుసటి సంవత్సరము డ్రేలాస్, డినార్డో అను పరిశోధకులు మరియొక చిక్కును విడదీసిరి. పట్టికలలో దోషులుగా పేర్కొనబడిన ద్రవ్యములు కలిసిన క్రీములనే వారు మనుష్యులపై పరీక్షించిరి. దోషద్రవ్యము కలిసినంతమాత్రమున క్రీము దోషి కానక్కర లేదని తేలినది. ఏ ద్రవ్యము ఎంత పాలున కలిసినది, దేనితో కలిసినది యను దానిపై ఫలితము మారును. పిడికెడు ఉప్పు నోటిలో వేసికొనినవాడు కక్కును; అదే యుప్పు పప్పులో తగుపాటిగా పడినచో రుచినిచ్చును. "రంధ్రములను మూయదు" అను డబ్బామీది వ్రాతయు అంతంతమాత్రమే. అమెరికాలో ఆ మాటకు చట్టము ఎట్టి నిర్వచనమును ఇయ్యలేదు. తయారుచేసినవారు తమకు తోచిన పరీక్షతో అట్లు వ్రాసికొనవచ్చును.

ఇంతమాత్రముచేత ప్రతి జిడ్డును నిర్దోషి యని తలపరాదు. 1970లో ప్లెవిగ్, ఫుల్టన్, క్లిగ్మన్ అను ముగ్గురు వైద్యులు, తలకు చిక్కని లేపనములు దట్టముగా పూసికొను నల్లజాతి పురుషుల నుదుటిపైను, కణతలపైను వరుసగా చిన్నచిన్న పొక్కులు లేచుటను వర్ణించిరి. మన దేశమునను తలనూనె నుదుటిపైకి జారువారికి ఇట్టి పొక్కులు కనబడుట చర్మవైద్యులు ఎరిగినదే. తలనూనెలు అనేక రకములు. వానిలో కలియు సుగంధములును, ఇతర ద్రవ్యములును పలువిధములు. భోగినాడో, దీపావళినాడో నూనె అంటుకొని, సున్నిపిండితో నలుగు పెట్టుకొని, తలయంటుకొను ఆచారమున ఆ నూనె ఒంటిపై కొద్దిసేపే నిలుచును. ప్రతిదినమును దట్టముగా రాసి, కడుగక, నుదుటిపై నుంచుకొనుట వేరు. నుదుటను మాత్రమే పొక్కులుండి చెక్కిళ్లు బాగుండినచో ముందుగా తలనూనెనే అనుమానింపవలెను.

కాలభేదమును గూడ చూడవలెను. పెట్రోలియం జెల్లీ మెత్తబడి కరగు వేడి సాధారణముగా 40 మొదలు 60 డిగ్రీల వరకు నుండును. మార్కాపురమున వైశాఖమాసపు ఎండ 40 డిగ్రీలు దాటును. ఎండ తగులు కిటికీలో పెట్టిన డబ్బాలోని జెల్లీ నూనెవలె జారును. అట్టి దినములలో దానిని ఒంటినిండ దట్టముగా పూసినచో చెమట వెలువడక చెమటకాయలు లేవవచ్చును. అవి స్వేదరంధ్రముల బాధ, మొటిమలు కావు. రెంటికిని రూపము వేరు, మందు వేరు. చలికాలమున మేలుచేసిన పూతను వేసవిలో మానివేయుట వివేకమే గాని, అది రోమకూపములకు భయపడి చేయు పని కాదు.

నిరపరాధిని దండించుటవలన కలుగు కీడు ఇంతటితో తీరదు. తక్కువ ధరకు దొరకు జెల్లీని విడిచిన పిల్లలు కొందరు, మొటిమలు పోవునని, ముఖము తెల్లబడునని ఎవరో చెప్పగా మందులంగడిలో చిన్న గొట్టపు క్రీములను కొని పూయుచున్నారు. వానిలో కొన్నింట బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టిరాయిడ్ మందులుండును. అవి వైద్యుని పర్యవేక్షణలో, కొన్ని చర్మవ్యాధులకు, కొద్దికాలము వాడదగినవి. మొదటి వారములో ముఖము నునుపై, తెల్లనై కనబడుటచే పూసికొనువారు మురియుదురు. నెలలు గడచినకొలది చర్మము పలుచబడును. ఎర్రని నరములు తేలును. మొటిమలు తగ్గుటకు మారుగా గుంపులుగా లేచును. మానివేసినచో ముఖము మండి ఎర్రబడుటచే మరల దానినే ఆశ్రయింతురు. భారతదేశపు చర్మవైద్యుల సంఘము ఈ దుర్వినియోగమునకు ప్రత్యేకముగా ఒక కార్యదళమును ఏర్పరచి పోరాడుచున్నది. ఇట్టి పూతమందులు పెక్కింటిని కేంద్ర ప్రభుత్వము 2018లో వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని మందుల పట్టికలో చేర్చెను. అయినను చీటీ లేకయే అవి చేతులు మారుచున్నవి. మొటిమలకు నిజమైన మందులు వేరుగా నున్నవి. రోమకూపములోని బిరడాను కరగించుటకు అడపలీన్, సూక్ష్మజీవులను తగ్గించుటకు బెంజాయిల్ పెరాక్సైడ్ వైద్యులు తరచుగా వ్రాయునవి. ఇవి మొదట చర్మమును కొంత పొడిబార్చును. అట్టివారికి తేమను నిలుపు లేపనమును గూడ రాసికొమ్మని వైద్యులే చెప్పుదురు.

ఒక క్రీము తనకు పడునో పడదో ఎవరికి వారు తెలిసికొనగోరినచో తొందరపాటు పనికిరాదు. రాత్రి కొత్త డబ్బా తెరచి పూసికొని, ఉదయము గడ్డముమీద మొటిమను చూచి, డబ్బాను పెరటిలోనికి విసరివేయుట పరిపాటి. కాని రోమకూపములో కంటికి కనబడని బిరడా యేర్పడి, అది పెరిగి, వాచి, ఎర్రని మొటిమగా వెలుపలికి వచ్చుటకు వారములు పట్టును. నేటి యుదయము లేచిన మొటిమకు మూలము, ఆ డబ్బా ఇంకను అంగడిలోనే యున్న దినములలో పడినది. కావున దవడక్రింద ఒక ప్రక్కను మాత్రము ఆ క్రీమును ప్రతిరాత్రియు పలుచగా పూసి, రెండవ ప్రక్కను ఊరక విడిచి, నెలదినములైనను వేచి, పిమ్మట రెండు ప్రక్కలను అద్దమున పోల్చి చూచుకొనవలెను.